సైదాపురం మైకా ఊళ్ళలో వేసవి సెలవులు: పిల్లలతో వెళ్ళి ఉండవచ్చా?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, నెల్లూరు

అందరికీ నమస్కారం. ఈ మే నెలలో పిల్లలిద్దరినీ తీసుకుని సైదాపురం మండలంలో మా పెద్దమ్మ ఊళ్ళో కొన్ని వారాలు ఉండాలని అనుకుంటున్నాం. కలిచేడుకు దగ్గర ఊరు. పెద్దమ్మ ఒక్కతే ఉంటోంది. పెంకుటిల్లు, వెనక వేపచెట్టు, పెరట్లో బోరు ఉన్నాయి. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, అమ్మాయికి తొమ్మిది.

సెలవులకు ఎక్కడికి అని ఎవరైనా అడిగితే, ఊరి పేరు చెప్పగానే మొహం అదోలా పెడుతున్నారు. "మూతబడిన గనుల ఊళ్ళో ఏముంది చూడటానికి? ఆ ఎండలో పిల్లలను చంపుకుంటావా?" అని మా ఆడపడుచు నేరుగానే అంది. నాకు మాత్రం వెళ్ళాలనే ఉంది. చిన్నప్పుడు ఆ ఊరికి వెళితే దారి పొడవునా మట్టి మెరిసేది. పెద్దమ్మ రాత్రి పూట కాళ్ళు కడుక్కున్నాక కూడా పాదాల మీద తళుకు కనబడేది. తను పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మైకా, అంటే అభ్రకం, రేకులు చీల్చే షెడ్డులో పని చేసింది. నా పిల్లలకు ఆ సంగతే తెలియదు. మా అబ్బాయి పాఠంలో "నెల్లూరు జిల్లా అభ్రకానికి ప్రసిద్ధి" అని ఒక వాక్యం చదివి, అభ్రకం అంటే ఏమిటని నన్నే అడిగాడు. నెల్లూరులో పుట్టిన పిల్లవాడు!

అడగదలచుకున్నవి ఇవి. పాత గుంతలను దగ్గరికి వెళ్ళి చూపించవచ్చా, ప్రమాదమా? మే ఎండలో ఆ వైపు పరిస్థితి ఎలా ఉంటుంది? చుట్టుపక్కల పిల్లలకు చూపించదగ్గవి ఏమున్నాయి? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గనుల కథను పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి? పెద్దమ్మను అడిగితే "ఏముందిలేమ్మా, రాయి కొట్టాం, రేకు చీల్చాం" అని ఊరుకుంటుంది.

జవాబు: ఉపాధ్యాయుడు, రాపూరు

వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి. ఎండ సంగతి ముందే చెబుతాను. మా వైపు మే నెల అంటే కొండ పక్కన ఉన్నాం కదా, చల్లగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వెలికొండలు చల్లదనం ఇచ్చేంత ఎత్తు కావు. పగలంతా కాగిన రాయి రాత్రి సగం దాకా వేడి వదులుతూనే ఉంటుంది. నెల్లూరులో మీకు సాయంత్రానికి సముద్రపు గాలి తగులుతుంది. సైదాపురం చేరేసరికి ఆ గాలికి బలం తగ్గుతుంది, రాపూరుకు వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది. రోహిణి కార్తె మొదలయ్యే లోపే, అంటే మే 25 లోపే తిరిగి వచ్చేలా చూసుకోండి. పొద్దున తొమ్మిది దాటాక సాయంత్రం ఐదు దాకా పిల్లలు ఇంటి పట్టునే ఉండాలి. పెంకుటిల్లు అన్నారు కాబట్టి స్లాబు ఇంటి కంటే నయమే.

దారి తేలికే. గూడూరు దాకా రైలులో వచ్చి, అక్కడి నుంచి రాపూరు వైపు బస్సు ఎక్కితే సైదాపురంలో దిగవచ్చు. నెల్లూరు నుంచి పొదలకూరు మీదుగా కూడా రావచ్చు. ఆ దారిలో రెండు పక్కలా నిమ్మతోటలు చూస్తారు. గూడూరులోనూ పొదలకూరులోనూ నిమ్మకాయల మార్కెట్లు ఉన్నాయి. కాయలను పరిమాణాన్ని బట్టి వేరు చేసి బస్తాలకు ఎత్తడం పిల్లలకు పొద్దున్నే చూపించండి, బాగుంటుంది. వేసవిలోనే ధర పలుకుతుంది కాబట్టి మార్కెట్టు సందడిగా ఉంటుంది.

రాపూరు దాటాక పెంచలకోన. పెనుశిల లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలోనే జరుగుతాయి. మీరు వచ్చే రోజులకు కలిసి రావచ్చు, పంచాంగం చూసుకోండి. జనం ఎక్కువైనా కోనలో చెట్ల నీడ ఉంది. జలపాతం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, మేలో ధార సన్నబడుతుంది. ఆ అడవి అభయారణ్యం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకండి. కండలేరు జలాశయం కట్ట మీద సాయంత్రం నిలబడితే గాలి వస్తుంది. 68 టీఎంసీల జలాశయం అది. చెన్నై తాగే తెలుగుగంగ నీళ్ళు అక్కడి నుంచే వెళతాయని మీ అబ్బాయికి చెప్పండి. రైళ్ళంటే ఇష్టమైతే ఇంకొకటి: వెలికొండల కింద నుంచి 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వి ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలు మార్గం వేశారు. 2019లో ప్రారంభమైంది. గూడ్సు బళ్ళు ఎక్కువగా తిరుగుతాయి.

గనుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఒకరున్నారు. వారు ఈ ప్రశ్న చూస్తే బాగుండు.

జవాబు: పాత సార్టరు, సైదాపురం

అమ్మా, చూశాను. మాస్టారికి నమస్కారం.

మా నాన్న గనిలో సమ్మెట వేసేవాడు. నేను గని దిగలేదు, నాది షెడ్డులో సార్టింగు పని. 1970ల్లో చేరి, షెడ్డు మూసేదాకా అదే పనిలో ఉన్నాను. చేతికి వచ్చిన ప్రతి రేకునూ కిటికీ వెలుతురుకు పట్టి, సైజు ఏది, రకం ఏది అని తేల్చి గంపలో వేయడం. రేకులో మచ్చ ఉందా, గాలి బుడగ ఉందా, గీత పడిందా అని చూసి చూసి, ఇప్పటికీ ఎవరింట్లో కిటికీ అద్దం చూసినా దానిలో మచ్చలే వెతుకుతాను.

ముందు గుంతల మాట. పిల్లలను గుంత అంచుకు తీసుకెళ్ళవద్దు. దూరం నుంచి, పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని చూపించడం తప్ప ఇంకేమీ వద్దు. ఎందుకో చెబుతాను, ఎందుకో తెలిస్తేనే పిల్లలు వింటారు. మైకా పొరలు పొరలుగా ఉండే శిస్టు రాతిలో, దాన్ని చీల్చుకుని వచ్చిన పెగ్మటైటు అనే పెద్ద పలుకుల రాతి దారల్లో దొరుకుతుంది. దార ఎటు దిగితే తవ్వకం అటే దిగుతుంది. అందుకే మా గుంతలు బావుల్లా నిటారుగా ఉండవు. ఒక పక్క ఏటవాలుగా దిగి, ఇంకో పక్క పైకప్పులా రాయి వేలాడుతూ ఉంటుంది. మీరు నిలబడిన నేల కింద ఖాళీ ఉండవచ్చు. పైన కంప చెట్లు మొలిచి ఆ నోళ్ళు కనబడవు. వానలకు పొరల మధ్య నీరు దిగి, ఎండకు బిగుసుకుని, అంచు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. దానికి తోడు డంపుల మీద, అంటే గని నుంచి తీసి పోసిన రాళ్ళ గుట్టల మీద, పడి ఉన్న మైకా ముక్కల మీద కాలు వేస్తే సబ్బు మీద వేసినట్టే. ఏటవాలులో జారితే ఆగేది గుంతలోనే.

నీళ్ళు ఇంకా మోసం. పచ్చగా, తేటగా, ఈతకు రమ్మని పిలుస్తున్నట్టు ఉంటాయి. మెట్లు ఉండవు, లోతు తెలియదు, ఎండాకాలంలో కూడా లోతున నీరు పైనీటి కంటే చల్లగా ఉండి కాళ్ళు కొంకర్లు పోవచ్చు. వేసవి సెలవుల్లో ఈతకు దిగి పోయిన పిల్లల ఇళ్ళు మా చుట్టుపక్కల ఉన్నాయి. ఆ ఇళ్ళ ముందు నుంచి నేను రోజూ నడుస్తాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక "చూడటానికి ఏముంది" అన్న మాట. ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. గని చూడాలంటే గుంతే చూడాలని ఎవరన్నారు? గుంత ఖాళీ. అందులో ఉన్నదంతా బయటికి వచ్చి, మా ఆడవాళ్ళ చేతుల మీదుగా లోకమంతా పోయింది. చూడవలసింది ఆ చేతులను. మీ పెద్దమ్మ చేతులను. "రాయి కొట్టాం, రేకు చీల్చాం" అని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది గానీ, ఆ రేకు చీల్చడం ఎంత పనో నేను చెబుతాను.

గని నుంచి ముడి మైకా దిమ్మలుగా వచ్చేది. బుక్కులనేవాళ్ళం. తవ్విన రాయిలో మైకా కొద్దిపాటే, ఆ కొద్దిలోనూ ఎక్కువ భాగం చెత్తకే పోయేది. మట్టి దులిపి, పగుళ్ళు ఉన్న చోట చీల్చి, అంచులు కత్తెరతో కత్తిరించేవాళ్ళు. ఆ తరువాత నా బల్ల మీదికి వచ్చేది. ఎంత పెద్ద దీర్ఘచతురస్రం మచ్చ లేకుండా తీయవచ్చో దాన్ని బట్టి నంబరు. 6వ నంబరు అంటే 1 నుంచి 2¼ చదరపు అంగుళాలు. 5వ నంబరు 3 నుంచి 6. 4వ నంబరు 6 నుంచి 10. నంబరు తగ్గేకొద్దీ రేకు పెద్దది. 1వ నంబరు 24 నుంచి 36 చదరపు అంగుళాలు. దానికి పైన స్పెషల్ రకాలు వేరే ఉన్నాయి. మచ్చలేని 1వ నంబరు రేకు బల్ల మీదికి వచ్చిన రోజు షెడ్డులో అందరూ లేచి వచ్చి చూసేవాళ్ళు.

చిన్న సైజు వాటిని చీల్చి స్ప్లిట్టింగ్స్ చేసేవాళ్ళు. ఇది పూర్తిగా ఆడవాళ్ళ పని. సన్నని కత్తి మొనతో అంచును కొద్దిగా విప్పి, వేలితో పొరను లాగడం. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో వందో వంతులు మూడుకు మించకూడదు. 0.03 మిల్లీమీటర్లు! కొలిచే పరికరం వాళ్ళ బొటనవేలే. నేను గేజీ పెట్టి చూస్తే సరిపోయేది. యంత్రంతో చేద్దామని ఎన్ని దేశాల్లో ప్రయత్నించినా మనిషి చేతికి సాటి రాలేదు. ఆ రేకులను లక్కతో అంటించి పలకలు చేసి విద్యుత్ మోటార్లలో వాడేవాళ్ళు. పెద్ద రేకులు రేడియోల్లో కండెన్సర్లకు, వాల్వులనే గాజు బుడ్లకు పోయేవి. ఇంట్లో పాత ఇస్త్రీపెట్టె పాడైపోయినది ఉంటే విప్పి చూపించండి. వేడెక్కే తీగను చుట్టింది మైకా రేకు మీదే. కరెంటును పోనివ్వదు, వేడికి మాడదు. ఈ రెండు గుణాలూ ఒకే చోట ఉన్నాయి కాబట్టే రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకూ వైర్‌లెస్ సెట్లకూ మైకా లేనిదే పని జరగలేదు. దానిలో ఎక్కువ భాగం మన దేశం నుంచే పోయింది. అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న కోడర్మాది ఎర్ర డాలు మైకా, మనది పచ్చ డాలు. వెలుతురుకు పడితే పిల్లలకు ఆ పచ్చదనం కనబడుతుంది.

మీ అబ్బాయి "మరి ఎందుకు మూతబడింది?" అని తప్పక అడుగుతాడు. వాల్వు రేడియో పోయి ట్రాన్సిస్టరు వచ్చింది. చెత్త మైకాను పొడి చేసి కాగితంగా ఒత్తే పద్ధతి వచ్చి, పెద్ద రేకుల అవసరం తగ్గింది. ప్లాస్టిక్కులు వచ్చాయి. 1970ల్లో ఎగుమతిని ప్రభుత్వ సంస్థ చేతుల్లోకి తీసుకున్నాక మన సరుకుకు సోవియట్ రష్యా పెద్ద కొనుగోలుదారు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఇటు గనులు లోతుకు పోయి, నీళ్ళు తోడే ఖర్చు పెరిగింది. ఒక్క కారణం కాదు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. షా మైన్, తెల్లబోడు, ఇనుకుర్తి గనుల పేర్లు చెబితే మా తరం వాళ్ళకు ఇప్పటికీ వెన్ను నిటారుగా అవుతుంది. ఈ పేర్లు మీ పెద్దమ్మ దగ్గర ఎత్తండి. ఊరుకోదు, మాట్లాడుతుంది. ఊరికే "గనుల గురించి చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. "నువ్వు ఏ షెడ్డులో కూర్చున్నావు? నీ పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు?" అని అడగండి.

ఇంకొకటి. 1946లో మైకా గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతి అయ్యే మైకా మీద సెస్సు వసూలు చేసి ఆ డబ్బు కార్మికులకు ఖర్చు పెట్టాలి. కలిచేడులో ఆస్పత్రి నడిచింది ఆ నిధితోనే. మన ఊళ్ళలో చాలా మంది పుట్టింది అక్కడ. పిల్లలకు ఆ సంగతి చెప్పండి. కూలి మనిషి తీసిన రాయి మీద పన్ను కట్టించి, ఆ కూలి మనిషికే వైద్యం ఇవ్వాలని ఒకప్పుడు దేశం అనుకున్నది, చట్టం చేసింది. ఇది మామూలు విషయం కాదు.

జవాబు: కూతురు, పొదలకూరు

సార్టరు గారి జవాబు రెండుసార్లు చదివాను. మా అమ్మ కూడా స్ప్లిట్టింగ్స్ చీల్చింది. బరువు లెక్కన కూలి. పొరలు పొరలుగా విప్పిన రేకులు తక్కెడలో ఎన్ని వేసినా ముల్లు కదలదు. అమ్మ దాని గురించి చెబుతుంటే ఇప్పటికీ నాకు కడుపు రగులుతుంది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ సన్నగా కోసుకుపోయి ఉండేవి. కూరలో కారం కలిపేటప్పుడు చురుక్కుమని చెయ్యి విదిలించేది.

అయితే షెడ్డు పని గురించి చెప్పినంతగా గని లోపలి పని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మా నాన్న డ్రిల్లరు. నీళ్ళు పెట్టకుండా పొడిగా రాయి తొలిచేవాళ్ళు. మైకా పక్కనే తెల్లరాయి ఉంటుంది, అది క్వార్ట్జు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. అక్కడే గట్టిపడుతుంది. సిలికోసిస్ అంటారు. మా నాన్నకు క్షయ అని చాలాకాలం మందులు ఇచ్చారు. తగ్గలేదు. చివరి రోజుల్లో పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఆ గని పేరు రాయను. ఇప్పుడు దానికి యజమాని కూడా లేడు. నీళ్ళు చల్లుతూ తొలిస్తే దుమ్ము లేవదని అప్పటికే తెలుసు, కానీ ఆ పని చేయించలేదు. ఇది మాత్రం రాసి తీరాలి.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు అక్కా. పిల్లలకు మైకా మెరుపు చూపించేటప్పుడు ఈ సగం కూడా చెప్పమని అడుగుతున్నాను. పన్నెండేళ్ళ పిల్లవాడికి అర్థమవుతుంది. మీ పెద్దమ్మ ఊళ్ళో మగవాళ్ళ కంటే ముసలి ఆడవాళ్ళే ఎక్కువగా ఎందుకు కనబడతారో అతనే అడగవచ్చు. అప్పుడు మాట దాటేయవద్దు.

జాగ్రత్తలు కూడా రెండు చెబుతాను. ఇప్పుడు ఆ పాత డంపుల్లోని తెల్లరాయికే గిరాకీ. గాజుకూ సిలికానుకూ పనికొస్తుందని తవ్వి లారీల్లో తరలిస్తున్నారు. రాయి కొట్టే చోట్లకు, ఆ రాయిని పిండి చేసే మిల్లుల దగ్గరికి పిల్లలను తీసుకెళ్ళకండి. ఆ దుమ్ము అదే దుమ్ము. ఆ దారుల్లో లారీలు వేగంగా వస్తాయి, పిల్లలకు సైకిళ్ళు ఇవ్వకండి. గాలి తోలే రోజు డంపుల వైపు అసలు వద్దు.

ఇంకో మాట. మీ పెద్దమ్మ మాట్లాడకపోవడానికి కారణం చెప్పడానికి ఏమీ లేక కాకపోవచ్చు. మా అమ్మ కూడా అంతే ఉండేది. తను చేసిన పనికి ఎక్కడా విలువ లేదని నమ్మింది కాబట్టి చెప్పదు. మీ అబ్బాయి నోటుపుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుని, "పెద్దమ్మమ్మా, మెల్లగా చెప్పు, రాసుకుంటున్నాను" అంటే చూడండి ఏం జరుగుతుందో.

అడిగినవారు మళ్ళీ: ఇద్దరు పిల్లల తల్లి, నెల్లూరు

మీ అందరికీ నమస్కారాలు. మాస్టారు గారూ, మే 25 లోపే తిరిగి వచ్చేలా ప్రయాణం పెట్టుకున్నాం. చెల్లీ, మీ నాన్నగారి గురించి చదివాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. మా పెదనాన్న కూడా దగ్గుతోనే పోయారు. మాకు ఆయాసం రోగమని మాత్రమే తెలుసు. ఈసారి పెద్దమ్మను అడుగుతాను.

సార్టరు గారూ, మా అబ్బాయి మీ జవాబు చదివి ఇంట్లో పాత ఇస్త్రీపెట్టె విప్పేశాడు. మీరు చెప్పినట్టే లోపల రేకు ఉంది! ఇప్పుడు వాడికి కొన్ని ప్రశ్నలున్నాయి. మైకా ముక్కలు ఏరుకుని బడికి తెచ్చుకోవచ్చా? అవి మైకాయేనని ఎలా తెలుసుకోవాలి? పొర ఎందుకు అంత తేలికగా విడిపోతుంది? వాడి ప్రశ్నలు వాడి మాటల్లోనే రాశాను.

జవాబు: పాత సార్టరు, సైదాపురం

పొదలకూరు అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. మా నాన్న కూడా అదే దగ్గుతో పోయాడు. నేను షెడ్డులో కూర్చున్నాను కాబట్టి ఈ వయసుకు ఇలా రాస్తున్నాను. ఆమె చెప్పిన సగం లేకుండా నేను చెప్పిన సగం పిల్లలకు చెప్పవద్దు.

ఇక అబ్బాయికి. నాయనా, ఏరుకోవడానికి డంపు ఎక్కవలసిన పని లేదు. మీ పెద్దమ్మమ్మ ఇంటి పెరట్లో, దారి పక్కన వాన నీళ్ళు పారిన చోట మైకా దొరుకుతుంది. గుప్పెడు చాలు, సంచులకు సంచులు వద్దు. పెద్ద రేకు కావాలంటే పాత షెడ్డు పని చేసిన ఏ ఇంట్లోనైనా ఏదో ఒక పెట్టె అడుగున ఉంటుంది. అడిగితే ఇస్తారు. అడగకుండా ఎవరి స్థలంలోనూ తీయవద్దు.

మైకానో కాదో చూడటానికి పొర ఒకటి గోటితో విప్పి వంచు. వదిలితే తిరిగి చాపుకోవాలి. వంగినది వంగినట్టే ఉండిపోతే అది మైకా కాదు, దాని పోలికలున్న ఇంకేదో ఖనిజం. పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడు పటకారుతో పట్టుకుని కొవ్వొత్తి మంట మీద పెట్టు. మసి పడుతుంది గానీ కాలదు. మసి తుడిచి చూడు, రేకు అలాగే ఉంటుంది.

పొర ఎందుకు విడిపోతుందంటే, లోపల సిలికానూ అల్యూమినియమూ ఆక్సిజనూ కలిసి గట్టి పలకలుగా అల్లుకుని ఉంటాయి. ఒక పలకకూ ఇంకో పలకకూ మధ్య పొటాషియం ఉంటుంది. పలక లోపలి కట్టు గట్టిది, పలకల మధ్య కట్టు మెత్తనిది. కత్తి మొన ఎప్పుడూ మెత్తని చోటే దారి చేసుకుంటుంది. ఈ మాట నాకు షెడ్డుకు వచ్చిన ఒక భూగర్భ శాస్త్రవేత్త చెప్పాడు. ఆడవాళ్ళకు చెబితే "మాకు వేలికి తెలుసులే" అన్నారు.

ఇంకొక పని చేసి చూడు, బడిలో ఎవరికీ తెలియదు. సన్నని రేకును మెత్తని చెక్క మీద పెట్టి, మొన మరీ పదును లేని మేకును నిటారుగా ఆనించి, సుత్తితో ఒక్కసారి చురుగ్గా తట్టు. గట్టిగా కాదు. సరిగ్గా తగిలితే దెబ్బ పడిన చోటి నుంచి ఆరు గీతలు చీలి ఆరు కోణాల నక్షత్రం ఏర్పడుతుంది. ఎవరూ గీయరు, రేకు లోపలి అమరికే అలా బయటపడుతుంది. మొదట రెండు మూడు రేకులు పగులుతాయి, ఫరవాలేదు. భూతద్దం పెట్టి చూడు. కళ్ళకు అద్దాలు పెట్టుకో.

అమ్మా, మీ పెద్దమ్మ చీల్చగలదేమో అడగండి. చూపు తగ్గి ఉంటుంది. చూపు లేకపోయినా వేలు మరచిపోదు. మా ఇంటావిడ ఇప్పటికీ కళ్ళు మూసుకుని చీల్చగలదు. సన్నని కత్తి ఒకటి, మీ అబ్బాయి ఏరిన ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టి, పొద్దున వెలుతురు ఉన్నప్పుడు వాకిట్లో కూర్చోబెట్టండి. పొరలు పడుతుంటే మీ అమ్మాయి చేత లెక్కపెట్టించండి.

సైజుల చార్టు నా దగ్గర కాగితం నలిగిపోయింది గానీ అంకెలు నోటికే ఉన్నాయి. మీరు వచ్చాక కొత్త అట్ట మీద గీసి ఇస్తాను. గీతలు అంగుళాల్లో కచ్చితంగా ఉండాలి కాబట్టి ఇనుప స్కేలు ఒకటి నెల్లూరు నుంచి తీసుకురండి, ఇక్కడ దొరికేవి ప్లాస్టిక్‌వి, ఎండకు వంకరపోతాయి. సైదాపురంలో దిగి పాత సార్టరు ఇల్లు అంటే చూపిస్తారు. పొద్దున ఏడు లోపు రండి, తరువాత పిల్లలకు ఎండ అవుతుంది.